తరిమేవాడికి బుర్ర ఉండకూడదా?

గత ఆర్నెల్లలో నేను ఆడిన, పక్కన కూర్చుని చూసిన కారు ఛేజులన్నీ ఒకేలా ఉన్నాయి. సినిమాల్లోవి కాదు. టేబుల్ చుట్టూ నలుగురైదుగురు కూర్చుని, పాచికలు వేస్తూ, మాటలతో కథ నడుపుకునే ఆటల్లోవి. గేమ్ మాస్టర్ అంటాడు: "నల్ల కారు మీ వెనకే వస్తోంది. డ్రైవింగ్ రోల్ వెయ్యి." వేస్తారు. "బాగా తప్పించావు, కానీ ఇంకా వెనకే ఉంది. మళ్ళీ వెయ్యి." వేస్తారు. "ఈసారి కాస్త దగ్గరికొచ్చింది." మళ్ళీ. నాలుగో రౌండుకి ఒకడు ఫోన్ తీస్తాడు. ఐదో రౌండుకి ఒకమ్మాయి చిప్స్ ప్యాకెట్ కోసం లేస్తుంది. ఆరో రౌండులో ఎవరికో ఇరవై పడుతుంది, నల్ల కారు పోయి ఏ స్తంభాన్నో గుద్దుకుంటుంది, అందరూ హమ్మయ్య అనుకుంటారు. ఆ హమ్మయ్య తప్పించుకున్నందుకా, గోల వదిలినందుకా అని అడిగితే ఎవరూ నిజం చెప్పరు.

ఈ ఆటలు తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' పేరు వినే ఉంటారు. 'స్ట్రేంజర్ థింగ్స్'లో పిల్లలు బేస్‌మెంట్లో కూర్చుని ఆడేది అదే. 1974లో వచ్చింది. తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకరు మాత్రం గేమ్ మాస్టర్. లోకం, వాన, విలన్లు, దారినపోయే దానయ్యలు అంతా ఆ ఒక్కరే. అవుతుందో కాదో తెలియని పని చేయబోతే పాచికలు తేలుస్తాయి. సాహిత్య పత్రికలో దీని గొడవేమిటి అంటారా? నలుగురు కలిసి అప్పటికప్పుడు అల్లే కథ ఇది. కథకి పట్టే జబ్బులన్నీ దీనికీ పడతాయి.

నేను మాట్లాడబోయే జబ్బు ఇదీ: ప్రతినాయకుడి బుర్ర తీసేసి, అక్కడ స్పీడోమీటర్ బిగించడం.

ఇదే గేమ్ మాస్టర్, ఇదే టేబుల్, కత్తియుద్ధం వచ్చేసరికి ఎంత ఆలోచిస్తాడో చూడండి. గాబ్లిన్లు చెట్లెక్కి కూర్చుంటాయి. ఒకటి ఎదురుగా వచ్చి కవ్విస్తుంటే రెండు వెనకనుంచి వస్తాయి. నాయకుడు చస్తే మిగతావి పారిపోతాయి. మంత్రగాడిని ముందు పడగొట్టాలని వాటికి తెలుసు. పొట్టి గాబ్లిన్‌కి ఇంత వ్యూహం ఉన్నప్పుడు, ముప్పై ఏళ్ళ సర్వీసున్న గూఢచారికి స్టీరింగ్ చేతికివ్వగానే ఏమైపోతుంది? వెనక రావడం తప్ప ఇంకేం తెలియని యంత్రం అయిపోతాడు. 'ఈ ఆటల్లో ఛేజ్ పండదు, సినిమాకే బాగుంటుంది' అని తేల్చేసే పెద్దమనుషులు చాలామంది తగిలారు నాకు. ఛేజ్ పండకపోవడం కాదు, అందులో సగంమంది పాత్రధారులు స్టేజి మీదకే రావడం లేదు.

ఆ ఖాళీని దేనితో నింపుతున్నారో చూద్దాం. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ 'డంజన్ మాస్టర్స్ గైడ్' తీయండి. ఛేజ్‌కి ప్రత్యేకంగా నియమాలున్నాయి. ఎక్కువగా కాలిపరుగు కోసం రాసినవే. కానీ ఇప్పుడు ఆడేవాళ్ళలో చాలామందికి మొదటి పాఠం ఆ పుస్తకమే కాబట్టి, రేపు కార్ల ఆట ఆడినా అవే అలవాట్లు వెంటొస్తాయి. ఒక్కో పాత్ర మూడుసార్లు, దాని మీద ఒంటి సత్తువ బోనస్ కలుపుకుని, ఆయాసం లేకుండా ఉరకొచ్చు. ఆ తర్వాత ప్రతి ఉరుకుకీ పరీక్ష. ఎవరి వంతు అయ్యాక వాళ్ళు ఇరవై ముఖాల పాచిక వేసి 'చిక్కుల' పట్టిక చూడాలి. గుర్రమో బండో అడ్డం. జనం అడ్డం. కుక్కలు కొట్టుకుంటున్నాయి. నేల జారుతోంది. పారిపోయేవాళ్ళు విడిపోయి తలో దారీ పట్టొచ్చు, అప్పుడు తరిమేవాళ్ళు కూడా చీలాల్సొస్తుందని పుస్తకం చెబుతుంది. మంచి సలహా. అంటే ఎత్తుగడ వేసే హక్కు పారిపోయేవాడికి ఇచ్చారు. తరిమేవాడు ఏం అనుకుంటున్నాడన్నదానికి మాత్రం పట్టిక లేదు.

చిక్కంతా వీధిలోంచి రావాలి, మనిషిలోంచి రాకూడదు. ఇదీ ఆ పట్టికల సిద్ధాంతం. హాలీవుడ్ ఛేజుల్లో, ముఖ్యంగా హీరో ఏ పరాయి దేశంలోనో ఉన్నప్పుడు, ఎక్కణ్ణుంచో ఒక పళ్ళ బండి వచ్చి తప్పకుండా బోర్లా పడుతుందని రోజర్ ఈబర్ట్ ఎప్పుడో వెక్కిరించాడు. 'ఫ్రూట్ కార్ట్!' అని ఆ మాటని తన సినిమా పదకోశంలో కూడా చేర్చాడు. సినిమావాళ్ళు సిగ్గుపడి కొంత తగ్గించారు. మనం దాన్ని తెచ్చి పట్టికలో పెట్టి, నంబరు వేసి, పాచికకి అప్పజెప్పాం. కమలాలు దొర్లుతాయి, ఛేజ్ ముందుకెళుతుంది, తరిమేవాడు మాత్రం ఎక్కడున్నాడో అక్కడే: వెనక.

'వెనక' అన్న మాటలోనే ఉంది చిక్కు. తెలుగులో ఒక క్రియ ఉంది, ఈ ఆటలు రాసేవాళ్ళకి ఆ భాష రాకపోవడం వాళ్ళ దురదృష్టం. మనం బండి తోలతాం. గొడ్లని కూడా తోలతాం. స్టీరింగ్ పట్టుకుని చేసే పనికీ, కర్ర పట్టుకుని మందని దొడ్లోకి మళ్ళించే పనికీ ఒకటే మాట. గొడ్లు కాసేవాడు ఆవుకంటే వేగంగా పరిగెత్తడు. పరిగెత్తలేడు కూడా. ఆవు ఎటు చూస్తే భయపడుతుందో అటు నిలబడతాడు, అంతే. అది రెండో వైపుకి తనంతట తనే నడుస్తుంది. నడిచినంతసేపూ తన ఇష్టప్రకారమే వెళుతున్నాననుకుంటుంది. మంచి తరిమేవాడు తన బండినే కాదు, ఎదుటివాడి బండిని కూడా తోలతాడు.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. మంచి సినిమాలన్నీ చేసిందిదే. 'బులిట్' (1968) చూసినవాళ్ళు ఆ శాన్‌ఫ్రాన్సిస్కో ఎత్తుపల్లాల గురించీ, గాల్లోకి లేచే మస్టాంగ్ గురించీ చెబుతారు. నాకు గుర్తుండేది అంతకు ముందు జరిగేది. నల్ల డాడ్జ్ చార్జర్‌లో ఇద్దరు స్టీవ్ మెక్వీన్‌ని మెల్లగా, చాలా మెల్లగా అనుసరిస్తుంటారు. మెక్వీన్ మాయమవుతాడు. వాళ్ళు వెతుక్కుంటూ వెళుతుంటే, మస్టాంగ్ వాళ్ళ అద్దంలో కనిపిస్తుంది. వేటాడేవాళ్ళు వేటయిపోయారు. అప్పుడు చార్జర్ డ్రైవర్ ఏం చేస్తాడు? సీటు బెల్టు పెట్టుకుంటాడు. ఒక్క మాట ఉండదు. ఆ బెల్టు క్లిక్కుమన్న క్షణంలో అతను ఏం నిర్ణయించుకున్నాడో మనకి తెలుస్తుంది. తర్వాతి గోలంతా ఆ నిర్ణయం తాలూకు ఫలితమే. స్పీల్‌బర్గ్ 'డ్యుయల్' (1971)లో అయితే లారీ డ్రైవర్ మొహం కూడా చూపించరు. కానీ ఆ లారీ ఏం కోరుకుంటోందన్న ప్రశ్న సినిమా అంతా నడుపుతుంది. అది దారి ఇస్తుంది, మళ్ళీ అడ్డం వస్తుంది, ఆగి కాపు కాస్తుంది. పట్టుకోవడమే దాని ఉద్దేశమైతే సినిమా పావుగంటలో అయిపోయేది.

మన 'శివ' (1989)లో సైకిల్ ఛేజ్‌నే తీసుకోండి. నాగార్జున సైకిల్ మీద, ముందు చిన్నపిల్ల, వెనక కారు. కారుకీ సైకిలుకీ పోటీ ఏమిటి? స్పీడు లెక్కలో మొదటి రౌండుకే కథ ముగియాలి. సందుల వల్లే అది ఛేజ్ అయింది: ఎక్కడ కారు పట్టదు, సైకిల్ పడుతుంది అన్న లెక్క. ఆ సీన్ చూస్తూ పెరిగినవాళ్ళు కూడా టేబుల్ దగ్గర కూర్చోగానే "డ్రైవింగ్ రోల్ వెయ్యి" అంటుంటే ఎక్కడ కాలాలో అక్కడ కాలుతుంది.

ఆటలు రాసినవాళ్ళందరూ ఈ తప్పు చేశారని అనను. పైగా చిత్రమేమిటంటే, పాతవాళ్ళే నయం. 1983లో విక్టరీ గేమ్స్ తెచ్చిన 'జేమ్స్ బాండ్ 007' ఆటలో ఛేజ్ అంటే వేలంపాట. నేను ఇంత కష్టమైన విన్యాసానికి సిద్ధం అని ఒకరు, నేను ఇంకా కష్టానికి సిద్ధం అని ఇంకొకరు పాడుకుంటూ పోతారు. పాట పెరిగేకొద్దీ బండి తలకిందులయ్యే ప్రమాదం పెరుగుతుంది. అంటే 'వీణ్ణి పట్టుకోడానికి నేనెంత దూరం వెళతాను?' అని తరిమేవాడు ప్రతిసారీ తనని తాను అడుక్కోవాలి. ఆ ప్రశ్న అడుక్కున్నవాడు అప్పటికే ఒక పాత్ర. 2002లో వచ్చిన 'స్పైక్రాఫ్ట్' ఇంకో మెట్టు ఎక్కింది. తరిమేవాడికి వేరే ఎత్తులు, పారిపోయేవాడికి వేరే ఎత్తులు. ఇద్దరూ రహస్యంగా ఎంచుకుని ఒకేసారి బయటపెట్టాలి. తరిమేవాడి జాబితాలో గుద్దడం ఉంది, అడ్డదారి పట్టడం ఉంది, దారి మూసేయడం ఉంది. 'హెర్డ్' అని కూడా ఒకటుంది. అంటే తోలడమే! ఎవరి ఎత్తు ఎవరి ఎత్తుని మింగుతుందో చూడ్డానికి పెద్ద పట్టిక. ఆ పట్టిక చూసి జనం జడుసుకున్నారు. తర్వాత్తర్వాత 'నియమాలు తేలిగ్గా ఉండాలి, కథ ముఖ్యం' అన్న గాలి వీచింది. పట్టికతో పాటు ఎత్తుగడని కూడా కిటికీలోంచి పారేశారు. కథ ముఖ్యం అన్నవాళ్ళే కథలో సగం మనిషిని పారేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

పట్టికలు లేకుండా కూడా ఇది సాధ్యమేనని చూపించడానికి పిల్లల బోర్డు ఆట ఒకటి చాలు. 'స్కాట్లండ్ యార్డ్'. 1983లో జర్మనీలో 'సంవత్సరపు ఉత్తమ ఆట' బహుమతి గెలిచింది. లండన్ మ్యాప్ మీద మిస్టర్ ఎక్స్ ఒక్కడు దాక్కుంటాడు, మిగతావాళ్ళు డిటెక్టివులు. అతను మూడో ఎత్తులో, ఎనిమిదో ఎత్తులో, పదమూడో ఎత్తులో, ఇలా అప్పుడప్పుడూ మాత్రమే కనిపించాలి. మిగతా సమయంలో టాక్సీ ఎక్కాడా, బస్సెక్కాడా అన్నదొక్కటే తెలుస్తుంది. డిటెక్టివులకి టికెట్లు పరిమితం. ఇంకా గమ్మత్తు, వాళ్ళు వాడిన ప్రతి టికెట్టూ మిస్టర్ ఎక్స్ చేతికి వెళుతుంది! తరిమినకొద్దీ పారిపోయేవాడికి ఇంధనం పోస్తుంటారు. అందుకే ఊరికే వెంటబడితే ఓడిపోతారు. ఆగి, మాట్లాడుకుని, ముందు ఎటు వెళతాడో ఊహించి, దారి కాయాలి. ఈ ఆటలో స్పీడు అన్న అంకెే లేదు. ఎనిమిదేళ్ళ పిల్లలకి అర్థమైంది, ముప్పై ఏళ్ళ గేమ్ మాస్టర్లకి అర్థం కాదు.

నాకూ ఆలస్యంగానే అర్థమైంది. పోయిన చలికాలం మా ఫ్లాట్‌లో ఒక గూఢచారి ఆట నడిపాను. 1960ల చివరి లండన్. మా ముగ్గురు ఆటగాళ్ళు ఫోర్డ్ కోర్టినాలో వెనక సీట్లో ఒక సోవియట్ ఫిరాయింపుదారుణ్ణి పడుకోబెట్టుకుని ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర బయల్దేరారు. వాళ్ళు చేరాల్సిన ఇల్లు నది అవతల, కెన్నింగ్టన్‌లో. థేమ్స్ దాటాలంటే వంతెన కావాలి. ఆట ముందురోజు నేను నా తరిమేవాళ్ళ గురించి ఒక కార్డు మీద మూడు వాక్యాలు రాసుకున్నాను. వీళ్ళకి మనిషి ప్రాణాలతో కావాలి, కాబట్టి గుద్దరు, కాల్చరు. వీళ్ళ దగ్గర రెండు కార్లూ ఒక సామాన్ల వ్యానూ ఉన్నాయి, రేడియోలున్నాయి. లండన్ పోలీసుల కంట పడితే వీళ్ళ పని సరి, కాబట్టి గోల చేయరు.

అంతే. నిజానికి ఆ మూడు వాక్యాలు రాశాక నాకు పనేమీ మిగల్లేదు.

కోర్టినా వైట్‌హాల్ మీదుగా దిగి పార్లమెంట్ స్క్వేర్‌కి వచ్చింది. వెస్ట్‌మిన్‌స్టర్ వంతెన మొగదల ఒక బూడిదరంగు కారు, ఇంజను నడుస్తూనే ఉంది, లోపల ఒక మనిషి పేపర్ చదువుతున్నాడు. "వాళ్ళే!" అన్నాడు డ్రైవింగ్ చేస్తున్న మా వాడు. ఒకమ్మాయి అంది, "ఒక్క కారే కదా. పక్కనుంచి దూసుకుపోదాం." మిగతా ఇద్దరూ ఆమె నోరు మూయించారు. మిల్‌బ్యాంక్ పట్టుకుని నది పక్కనే పోనిచ్చారు. లాంబెత్ వంతెన దగ్గరి రౌండు తిరుగుడులో ఇంకో కారు, లైట్లు వేసుకుని. ఈసారి చర్చ కూడా లేదు, నేరుగా పోనిచ్చారు. వాక్సాల్ వంతెన ఖాళీ. టేబుల్ దగ్గర కేకలు, చప్పట్లు. వంతెన దాటి దిగారు. అవతల సందు మొదట్లో ఒక వ్యాను, వెనక తలుపులు తెరిచి, ఇద్దరు మనుషులు సోఫా దించుతున్నట్టు నిలబడ్డారు. రోడ్డుకి సరిగ్గా అడ్డంగా.

నేను అప్పటిదాకా ఒక్క డ్రైవింగ్ రోల్ కూడా అడగలేదు. ఆ రెండు కార్లూ కదల్లేదు కూడా. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత డ్రైవర్ అన్నాడు: "మనల్ని తోలుకొచ్చారు రా."

ఆ తర్వాత పాచికలు వేశాం. వ్యాను, రివర్స్ గేర్, అద్దం పగలడం, అన్నీ జరిగాయి. ఆ రోల్స్ ఒక్కొక్కటీ ఊపిరి బిగబట్టి వేశారు. ఎదురుగా ఉన్నది మనుషులని అప్పటికి వాళ్ళకి తెలుసు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో ఒక్కటే బరువైనది, దాన్ని దాటేయను. గేమ్ మాస్టర్‌కి అన్నీ తెలుసు. ఆటగాళ్ళు టేబుల్ మీదే ప్లాన్ చెప్పుకుంటారు, ఆయన వింటాడు. అలాంటి మనిషి చేతికి 'తెలివైన తరిమేవాణ్ణి' ఇస్తే, ఏ సందులో దూరినా "అక్కడా కాపు కాశారు" అంటాడు. దీన్నే రైల్వే పట్టాల ఆట అని తిడతారు. స్టేషన్లు ముందే రాసిపెట్టి, పెట్టెలని లాక్కుపోవడం. నిజమే, అలా చేసేవాళ్ళున్నారు, నేను చేశాను కూడా. దీనికి మందు 'స్పైక్రాఫ్ట్'లోనే ఉంది: ముందు రాసిపెట్టు, తర్వాత చూపించు. నా కార్డు మీద రెండు కార్లే. మూడోది నేను ఎంత ఏడ్చినా పుట్టదు. వెస్ట్‌మిన్‌స్టర్ దగ్గర ఆ అమ్మాయి మాట విని ఉంటే, పేపర్ చదివే మనిషి ఒక్కడే, కాల్చకూడదన్న ఆజ్ఞ ఉంది, వాళ్ళు దాటిపోయేవాళ్ళు. ఆట అయ్యాక కార్డు చూపించాను. ఆమె మిగతా ఇద్దరినీ వారం రోజులు వదల్లేదు. బుర్ర ఉన్న తరిమేవాడు తప్పు కూడా చేస్తాడు. స్పీడోమీటర్ తప్పు చేయదు, అందుకే దాన్ని మోసం చేయడంలో మజా లేదు. అసలు పట్టాల ఆట ఏదో చెప్పనా? "ఇంకా వెనకే ఉంది, మళ్ళీ వెయ్యి" అన్నదే.

ఛేజ్ స్పీడుగా ఉండాలి, ఆలోచిస్తే ఊపు పోతుంది అనేవాళ్ళకి జవాబు చెప్పను. పైన చిప్స్ ప్యాకెట్ కోసం లేచిన అమ్మాయిని అడగండి.

కొత్త పుస్తకాల్లో ఆశ కలిగించింది కెన్నెత్ హైట్ 'నైట్స్ బ్లాక్ ఏజెంట్స్' (2012). రక్తపిశాచాల ముఠాని వేటాడే మాజీ గూఢచారుల కథ. అందులో కార్ల ఛేజ్ నియమాలు మామూలువే అనిపించాయి నాకు, అవతలి పక్షం ఎంత రెచ్చిపోతే ఏ స్థాయిలో బదులిస్తుందో మెట్లు మెట్లుగా గీసిన పిరమిడ్ మాత్రం అసలు సరుకు. మొదట భయపెడతారు, తర్వాత ఇంకో అడుగు, ఇంకో అడుగు. తరిమేవాడికి ఓ స్వభావం, ఓ సహనం, ఓ హద్దు. ఆ పిరమిడ్‌ని తెచ్చి కారులో కూర్చోబెట్టడానికి ఇంకెవరూ ఎందుకు పూనుకోలేదో.

ఇప్పటిదాకా ఆటగాళ్ళు పారిపోయేవైపు ఉన్నారు. వాళ్ళే తరిమేవాళ్ళయితే? నా అసలు కోపం ఇక్కడుంది.

ఇందాకటి 'డంజన్ మాస్టర్స్ గైడ్' పట్టికలో ఒక బిచ్చగాడు ఉంటాడు. చిక్కుల్లో అతనొక చిక్కు. దారికి అడ్డొస్తాడు. బలంతోనో, ఒడుపుతోనో, బెదిరించో దాటాలి. నాణెం విసిరితే పాచిక వేయకుండానే దాటేసినట్టు. దాటలేకపోతే అతను ఐదడుగుల 'కష్టమైన నేల' కింద లెక్క. మనిషిని నేలగా మార్చేశారు! రాసినవాళ్ళు దుర్మార్గులని అనను. తరిమేవాడి తరఫున ఎవరూ ఆలోచించనప్పుడు ఇలాగే జరుగుతుంది. తరమడానికి ఖర్చు ఉండదు, కాబట్టి దారిలో ఉన్నవాళ్ళకి ధర ఉండదు. పళ్ళ బండివాడు సాయంత్రం ఇంటికి ఏం పట్టుకెళ్ళాడన్నది ఏ పట్టికలోనూ లేదు. 'ద ఫ్రెంచ్ కనెక్షన్' (1971) దర్శకుడికి ఈ సంగతి తెలుసు. పైన వంతెన మీద రైలు, కింద రోడ్డు మీద కారులో పొపాయ్ డోయల్. రైలు పట్టాలు తప్పదు కాబట్టి తర్వాతి స్టేషన్‌కి ముందు చేరుకోవాలన్నదే అతని ఎత్తు. మధ్యలో పిల్లల తోపుడుబండితో ఒక తల్లి. ఆ క్షణంలో మనం సీట్లో వెనక్కి జరుగుతాం, డోయల్ మాత్రం వెంటాట ఆపడు. ఆపకపోవడమే అతని గురించి ఆ సినిమా చెప్పే విషయం. మన టేబుల్ దగ్గర ఆ తల్లి 'చిక్కు నంబర్ ఏడు' అయిపోతుంది.

నిజం ఛేజుల్లో అతి ముఖ్యమైన ఎత్తు ఒకటుంది, ఆటల్లో దానికి పేరు కూడా లేదు. వదిలేయడం. అమెరికాలో, బ్రిటన్‌లో పోలీసు వెంటాటల మీద రాతపూర్వక విధానాలున్నాయి. ఏ నేరానికి వెంటబడొచ్చు, ఎప్పుడు ఆపేయాలి, ఆపమని ఎవరు చెప్పొచ్చు అని. వెనక టైరు పక్కన తగిలించి బండిని గిర్రున తిప్పే పిట్ విన్యాసం, మేకుల పట్టీ, నాలుగు వైపులా కార్లతో పెట్టె కట్టడం, ఇవన్నీ నేర్పే చోటే ఎప్పుడు ఆగాలో కూడా నేర్పాల్సొచ్చింది. ఎందుకు నేర్పాల్సొచ్చిందో ఊహించడం కష్టం కాదు. 2001లో జార్జియా రాష్ట్రంలో 55 మైళ్ళ వేగానికి అనుమతి ఉన్న రోడ్డు మీద 73 మైళ్ళతో వెళుతున్న ఓ పంతొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి ఆపబోతే ఆగలేదు. ఆరు నిమిషాల వెంటాట. చివరికి పోలీసు వెనకనుంచి కారుతో గుద్దాడు. కుర్రాడికి కాళ్ళూ చేతులూ పడిపోయాయి. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. స్కాట్ వర్సెస్ హారిస్, 2007. పోలీసు చేసింది సమంజసమేనని ఎనిమిది మంది, కాదని జస్టిస్ స్టీవెన్స్ ఒక్కడూ. పోలీసులు వెంటబడటం మానేసి ఉండొచ్చు కదా అన్న ప్రశ్న కూడా తీర్పులో ఉంది. మెజారిటీ దాన్ని ఒప్పుకోలేదు. అలా వదిలేస్తే రేపు ప్రతివాడూ ఇంకాస్త వేగంగా పారిపోతాడన్నారు. వాళ్ళు చెప్పింది ఒప్పో తప్పో మీరు తేల్చుకోండి. తొమ్మిది మంది న్యాయమూర్తులు కూర్చుని తర్కించుకున్న ఆ ప్రశ్నని మన ఆటలు అడగను కూడా అడగవు. పట్టుబడటమో, తప్పించుకోవడమో. చాలాసార్లు రెండే ముగింపులు.

రెండు నెలల క్రితం బల్ల తిప్పాను. అదే ముగ్గురు, ఈసారి అమెరికాలో ఓ ఊహానగరపు పోలీసులు. ఎదర స్టేషన్ వ్యాగన్‌లో ఒక నగల దొంగ. లండన్ దెబ్బ తిన్నవాళ్ళు కాబట్టి వెనకబడటం మానేశారు. ఒక కారు పక్కవీధిలో సమాంతరంగా, ఇంకోటి ముందుకెళ్ళి మేకుల పట్టీ పరిచింది. వాడు పట్టీ చూసి ఎడమవైపు సందులోకి తిరిగాడు. ఇళ్ళ వీధి అది, మధ్యాహ్నం మూడున్నర. నేను స్కూలు బస్సు ఒకటి ఆగి ఉందని చెప్పాను. చిక్కుల పట్టికలోంచి కాదు. ఆ టైముకి అక్కడ అదే ఉంటుంది.

డ్రైవింగ్ ఈసారి ఆ అమ్మాయిదే. వెస్ట్‌మిన్‌స్టర్ దగ్గర దూసుకుపోదామన్న అమ్మాయే. పాచిక చేతిలో పట్టుకుని కూర్చుంది. "వదిలేద్దాం," అంది.

"పిచ్చా? ఇంకో రౌండులో దొరుకుతాడు!"

"నంబర్ ప్లేట్ ఉందిగా. రేపు ఇంటికెళ్ళి పట్టుకుందాం. సైరన్ ఆపేస్తున్నా."

వాళ్ళిద్దరూ కాసేపు వాదించారు. తర్వాత ముగ్గురూ నావైపు తిరిగారు. నేను పుస్తకం తిరగేశాను. నలభై రకాల విన్యాసాలున్నాయి, దీనికి లేదు. వెనక ఎవరూ లేనప్పుడు పారిపోయేవాడు ఏం చేస్తాడు? అది నేను అంతవరకూ ఎప్పుడూ ఆలోచించలేదు. దొంగకి కూడా ఒక కార్డు రాసుకుని ఉండాల్సింది. పెన్సిల్ తీసుకుని అక్కడే రెండు వాక్యాలు రాశాను. అతను అద్దంలో చూస్తాడు, సైరన్ వినపడటం లేదని గమనిస్తాడు. రెండు వీధులవతల ఎర్రలైటు దగ్గర ఆగాడని చెప్పాను.